యంత్రాల ముచ్చట్లు: గుట్ట ఎక్కించే కప్పీలు

పిల్లలూ! మీ వీధిలో పోయే రెండు రకాల బళ్ళను ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా? ఒకటి పాలక్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున వచ్చే మోపెడ్. రెండోది మీ అమ్మగారో, అక్కయ్యో నడిపే గేర్లు లేని స్కూటరు. రెంటికీ గేర్లు మార్చే పని లేదు. చెయ్యి తిప్పితే పోతాయి. వదిలి బ్రేకు వేస్తే ఆగుతాయి. పైకి చూస్తే రెండూ ఒక్క తీరుగానే నడుస్తాయి గదా!

కాని రైలు వంతెన ఎక్కేటప్పుడు చూడండి. బరువున్న మోపెడ్ మూలుగుతుంది, నెమ్మదిస్తుంది. స్కూటరు మాత్రం చప్పుడు కాస్త పెంచి, అదే ఊపున ఎక్కేస్తుంది. "స్కూటరు ఇంజను పెద్దది కనక" అంటారు మీరు. నిజమే. కాని అదొక్కటే కారణం కాదు. ఇంజనులో పుట్టిన బలాన్ని చక్రం దాకా మోసుకుపోయే దారి రెండు బళ్ళలోనూ వేరు. ఆ దారి సంగతే ఈ నెల ముచ్చట.

ఈ తేడాను కళ్ళకు కట్టినట్టు చూపే బండి ఒకటి అమెరికాలో ఉంది. దాని పేరు మినీ బైకు. ఇనుప గొట్టాలను అతికిన చిన్న చట్రం, రెండు చిన్న చక్రాలు, నడుమ గడ్డి కోసే యంత్రానికి పెట్టే లాంటి చిన్న ఇంజను – అంతే. 1946 నుంచి 1948 వరకు అయోవా రాష్ట్రంలోని వెబ్‌స్టర్ సిటీ అనే ఊళ్ళో "డూడుల్ బగ్" అనే ఇలాంటి చిట్టి బళ్ళు తయారయేవి. 1960ల్లో ఈ బళ్ళంటే అక్కడి పిల్లలకు ఎక్కడలేని మోజు. ఈనాటికీ తండ్రులూ పిల్లలూ కలిసి ఇంటి షెడ్డులో విడిభాగాలు తెచ్చి, మినీ బైకులు కట్టుకుంటూ ఉంటారు. అలా కట్టేటప్పుడు అందరికీ వచ్చే సందేహం ఒకటే: ఇంజనుకు మామూలు క్లచ్చి చాలునా? లేక "టార్కు కన్వర్టరు" పెట్టాలా?

తొందరపడి జవాబు చెప్పకుండా రెంటినీ విప్పి చూద్దాం.

ఒడిసెల లాంటి క్లచ్చి

జొన్నచేలో పిట్టలను తోలటానికి ఒడిసెల తిప్పటం ఎరుగుదురా? రాయి పెట్టి గిరగిరా తిప్పితే తాడు బిగుసుకుపోతుంది. ఎంత జోరుగా తిప్పితే రాయి అంత గట్టిగా బయటికి పోజూస్తుంది. మామూలు క్లచ్చిలో ఉన్న కిటుకు ఇదే. ఇంజను ఇరుసుకు రెండు మూడు బరువైన ఇనుప చెప్పులు స్ప్రింగులతో కట్టి ఉంటాయి. వాటి చుట్టూ తగిలీ తగలకుండా ఒక గుండ్రని డబ్బా ఉంటుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నంత సేపు స్ప్రింగులు చెప్పులను లోపలికి లాగి ఉంచుతాయి. బండి కదలదు. జోరు పెరగగానే చెప్పులు బయటికి విచ్చుకుని డబ్బాను ఒరుసుకుంటాయి. డబ్బా తిరుగుతుంది. డబ్బాకు ఉన్న చిన్న పళ్ళచక్రం గొలుసును లాగుతుంది. గొలుసు వెనక చక్రాన్ని తిప్పుతుంది.

చూశారా, ఎంత తేలిక! తక్కువ భాగాలు, తక్కువ బరువు, తక్కువ ఖర్చు. మన దేశంలో 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీ.వీ.ఎస్. 50 ఈ రకం క్లచ్చితోనే ఊరూరా తిరిగాయి.

మరి లోపం ఎక్కడుంది? ఇంజను తిరుగుడుకూ, చక్రం తిరుగుడుకూ ఉన్న నిష్పత్తి ఎప్పుడూ ఒక్కటే. అది మారదు. మీ సైకిలుకు ఒక్కటే పళ్ళచక్రం ఉంటే చదునుబాటలో హాయిగా తొక్కుతారు. గట్టెక్కాలంటే సీటు మీంచి లేచి తొక్కాలి. ఇదీ అంతే. గట్టు వచ్చినప్పుడు బండి నెమ్మదిస్తుంది, దానితో ఇంజనూ నెమ్మదిస్తుంది. చెప్పుల పట్టు సడలుతుంది. అవి డబ్బాను గట్టిగా పట్టుకోలేక, వదలనూ లేక జారుతూ ఒరుసుకుంటాయి. ఒరిపిడితో వేడి పుడుతుంది. చలికాలంలో అరచేతులు రుద్దుకుంటే వెచ్చబడవూ? అలాగే. కాస్త సేపయితే క్లచ్చి కమురు వాసన కొడుతుంది. ఇంకా మొండిగా నడిపితే చెప్పులు మాడిపోతాయి.

నడుము సన్నబడే కప్పీ

ఇక రెండోదాన్ని చూద్దాం. వంటింట్లోంచి రెండు సాసర్లు తెచ్చుకోండి, అమ్మను అడిగి సుమా! వాటి అడుగులు ఎదురెదురుగా ఉండేటట్టు పట్టుకోండి. నడుమ కోసుగా ఉన్న సందు కనిపిస్తుంది. ఆ సందులో వేలి లావు తాడు ఒకటి పెట్టండి. సాసర్లను దూరంగా జరిపితే తాడు లోపలికి, నడిమి దాకా దిగిపోతుంది. దగ్గరికి నొక్కితే తాడు అంచు వైపుకు ఎగబాకుతుంది. సాసర్లు పెరగలేదు, తరగలేదు. కాని తాడుకు మాత్రం అదొకసారి చిన్న కప్పీ, మరొకసారి పెద్ద కప్పీ! టార్కు కన్వర్టరులో ఉన్న రహస్యమంతా ఇదే.

ఇందులో ఇలాంటి కప్పీలు రెండుంటాయి. ఒకటి ఇంజను ఇరుసు మీద, రెండోది వెనక ఇంకో ఇరుసు మీద. రెంటినీ కలుపుతూ ఒక రబ్బరు బెల్టు. ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు ముందు కప్పీ బిళ్ళలు విడివడి ఉంటాయి. బెల్టు నడిమిన వదులుగా పడి ఉంటుంది. బండి కదలదు. జోరు పెంచితే లోపలి బరువులు ఒడిసెలలో రాయిలాగే బయటికి పోజూస్తూ, బిళ్ళలను దగ్గరికి నెడతాయి. బెల్టు బిగుసుకుని కదులుతుంది. అప్పుడు ముందు కప్పీ చిన్నది, వెనక కప్పీ పెద్దది. అంటే ఇంజను చాలా సార్లు తిరిగితే గాని వెనక ఇరుసు ఒకసారి తిరగదు. వేగం తక్కువ, కాని తిప్పే బలం ఎక్కువ. బండి సునాయాసంగా కదులుతుంది.

జోరు ఇంకా పెరిగితే ముందు బిళ్ళలు ఇంకా దగ్గరవుతాయి. బెల్టు వాటి అంచుకు ఎక్కుతుంది. బెల్టు సాగదు కదా! అందుకని అది వెనక బిళ్ళలను విడదీసి వాటి నడిమికి దిగుతుంది. ఇప్పుడు ముందుది పెద్ద కప్పీ, వెనకది చిన్న కప్పీ. వేగం ఎక్కువ, తిప్పే బలం తక్కువ.

అసలు గొప్ప సంగతి గుట్ట దగ్గర జరుగుతుంది. వెనక కప్పీలో ఒక గట్టి స్ప్రింగూ, మెలిక తిరిగిన వాలూ ఉంటాయి. గుట్ట వచ్చి చక్రం మీద భారం పడగానే ఆ మెలిక వెనక బిళ్ళలను ఒకదానికొకటి బిగిస్తుంది. బెల్టు మళ్ళీ వెనక కప్పీ అంచుకు ఎక్కుతుంది. అంటే ఎవరూ చెప్పకుండానే బండి తన గేరు తానే తగ్గించుకుందన్నమాట!

బలం ఎక్కడిది?

"అయితే ఈ కప్పీలు బలాన్ని పుట్టిస్తాయా?" అని అడుగుతారేమో. పుట్టించవు. ఏ యంత్రమూ ఊరికే బలం పుట్టించలేదు. ఇది సంతలో చిల్లర మార్చేవాడి వంటిది. మీరు నోటు ఇస్తే నాణేలు ఇస్తాడు, నాణేలిస్తే నోటు ఇస్తాడు. తన కమిషను మాత్రం పట్టుకుంటాడు. కన్వర్టరు కూడా వేగాన్ని పుచ్చుకుని తిప్పే బలం ఇస్తుంది, తిప్పే బలాన్ని పుచ్చుకుని వేగం ఇస్తుంది. దాని కమిషను ఏమిటంటారా? బెల్టు వంగుతూ, జారుతూ పోగొట్టే వేడి. ఈ కమిషను సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

ఒక చిన్న లెక్క

పెన్సిలు తీసుకోండి. ఒక మినీ బైకు చక్రం 45 సెంటీమీటర్ల అడ్డుకొలత అనుకుందాం. అది ఒక్కసారి తిరిగితే బండి సుమారు 141 సెంటీమీటర్లు పోతుంది. క్లచ్చి మీది చక్రానికి 10 పళ్ళు, వెనక చక్రానికి 60 పళ్ళు. అంటే ఇంజను 6 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. ఇలాంటి చిన్న ఇంజన్లను నిమిషానికి 3,600 తిరుగుళ్ళు మించకుండా ఒక గవర్నరు అదుపులో ఉంచుతుంది. అప్పుడు చక్రం నిమిషానికి 600 సార్లు తిరుగుతుంది. బండి వేగం గంటకు సుమారు 50 కిలోమీటర్లు.

బాగానే ఉంది. క్లచ్చి జారకుండా గట్టిగా పట్టాలంటే ఇంజను 2,200 తిరుగుళ్ళు తిరగాలనుకోండి. ఆ తిరుగుడుకు బండి వేగమెంత? గంటకు సుమారు 31 కిలోమీటర్లు! అంటే అంతకన్న నెమ్మదిగా పోయినంత సేపూ క్లచ్చి ఎంతో కొంత జారుతూనే ఉంటుంది. పిల్లవాడు పెరట్లో 15 కిలోమీటర్ల వేగంతో గుండ్రంగా తిరుగుతూ ఉంటే, క్లచ్చి ఏ తప్పూ చెయ్యకుండానే మాడుతూ ఉంటుందన్నమాట.

ఇప్పుడు అదే బండికి కన్వర్టరు పెడదాం. మినీ బైకుల్లో వాడే ఒక రకం కన్వర్టరుకు మొదట్లో నిష్పత్తి 2.7, చివర్లో 0.9. అంటే కదిలేటప్పుడు ఇంజను 2.7 సార్లు తిరిగితే వెనక కప్పీ ఒకసారి తిరుగుతుంది. పళ్ళచక్రాలు మార్చలేదు కనక 6 ను 2.7 తో గుణిస్తే 16.2. ఇప్పుడు 2,200 తిరుగుళ్ళకు బండి వేగం గంటకు 11 లేక 12 కిలోమీటర్లు మాత్రమే. అంత నెమ్మదిగా పోతున్నా బెల్టు గట్టిగా పట్టుకునే ఉంటుంది. పైగా చక్రానికి అందే తిప్పే బలం, కమిషను పోగా, రెండింతలకు పైబడే! చివర్లో 6 ను 0.9 తో గుణిస్తే 5.4. అప్పుడు 3,600 తిరుగుళ్ళకు వేగం సుమారు 56 కిలోమీటర్లు. అయితే ఇంజనుకు అంత లాగే సత్తువ ఉంటేనే సుమా! లేకపోతే బెల్టు చివరిదాకా ఎక్కదు, కాగితం మీది వేగం కాగితం మీదనే ఉంటుంది.

అయితే అందరూ కన్వర్టరే పెట్టుకోరేం?

మంచి ప్రశ్న. లాభం ఉన్నచోట ఖర్చు కూడా ఉంటుంది.

మొదటిది డబ్బు. కన్వర్టరుకు మామూలు క్లచ్చి కంటే ఎక్కువ ఖర్చవుతుంది. రెండోది చోటు. రెండు కప్పీలు, నడిమి ఇరుసు, వాటిని పట్టి ఉంచే పలక, పైన మూత – ఇవన్నీ చిన్న చట్రంలో ఇమడాలి. మూడోది బరువు. నాలుగోది ఇందాక చెప్పుకున్న కమిషను. చదునైన బాట మీద ఒకే వేగంతో పోయే బండికి గొలుసు పోగొట్టే దానికన్న బెల్టు ఎక్కువ బలాన్ని పోగొడుతుంది. అయిదోది బెల్టు సుకుమారం. అది అరుగుతుంది, కొన్నాళ్ళకు కొత్తది వెయ్యాలి. కప్పీలు రెండూ ఒకే వరసలో లేకపోతే అంచు తినేస్తుంది. నీళ్ళు పడితే జారుతుంది. బిళ్ళల ముఖాలకు ఒక్క చుక్క నూనె తగిలినా పట్టు పోతుంది. బెల్టును తిరగేసి వేసినా తొందరగా చెడుతుంది. కొన్ని కన్వర్టర్లలో బెల్టుకు ఒక పక్క నిటారుగా, రెండో పక్క వాలుగా ఉంటుంది. నిటారు పక్క ఇంజను వైపుకు ఉండాలి.

క్లచ్చికీ కష్టాలున్నాయి. కాని అవి తక్కువ. ఇరుసు దగ్గర అప్పుడప్పుడూ ఒకటి రెండు చుక్కల నూనె, గొలుసు బిగింపు, అంతే.

కాబట్టి తీర్పు ఇలా చెప్పుకోవచ్చు. నేల చదునుగా ఉండి, నడిపేవాడు తేలికైన పిల్లవాడై, బండి ఎక్కువ సేపు జోరుగానే పోయేదైతే మామూలు క్లచ్చి చాలు. అనవసరంగా డబ్బు తగలేయకండి. గుట్టలూ, ఇసుకా, బురదా ఉన్నచోట, బరువైన మనిషి నడిపేచోట, లేదా చాలాసేపు నెమ్మదిగా నడపవలసిన చోట కన్వర్టరే మేలు. క్లచ్చి పెట్టి గుట్ట కూడా ఎక్కించాలంటే ఇంకో ఉపాయం ఉంది: వెనక పళ్ళచక్రాన్ని పెద్దది వెయ్యటం. కాని అప్పుడు చదునుబాటలో వేగం తగ్గుతుంది. అన్నీ కావాలంటే కుదరదు మరి!

పేరులో తికమక

ఈ బెల్టు కప్పీలకు "టార్కు కన్వర్టరు" అన్న పేరు మినీ బైకులవాళ్ళు వాడుకలో పెట్టినది. టార్కు అంటే తిప్పే బలం. కన్వర్టరు అంటే మార్చేది. పేరు తప్పేమీ కాదు. కాని కార్ల విషయంలో ఆ పేరు వేరే యంత్రానిది. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలికి బదులు నూనె, రెంటి నడుమ నూనెను మళ్ళించే ఇంకో చిన్న చక్రం – అదీ కార్లలోని టార్కు కన్వర్టరు. దీని ఊహ జర్మను ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్‌ది. 1905లో, ఓడల కోసం.

బెల్టు కప్పీల కథ వేరు. అమెరికాలో సాల్స్‌బరీ "మోటార్ గ్లైడ్" స్కూటరుకు 1930ల చివర్లోనే వీటిని అమర్చారు. హాలండు దేశంలో డాఫ్ అనే కంపెనీ 1958లో బెల్టులతో నడిచే చిన్న కారును చూపించింది. తమాషా ఏమంటే ఆ కారు ముందుకు ఎంత వేగంగా పోగలదో వెనక్కీ అంత వేగంగా పోగలదు! అక్కడ వెనక్కి నడిపే పందాలు కూడా పెట్టారు. మంచు మీద పోయే స్నోమొబైల్ బళ్ళలోనూ ఈ కప్పీలే ఉంటాయి. మన దేశంలో 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరుతో ఈ పద్ధతి మన వీధులకు చేరింది. ఈనాడు మీ ఇంటి ముందున్న గేర్లు లేని స్కూటరు ఎడమ పక్కన పొడుగాటి మూత ఉంటుంది. అందులో ఉన్నవి ఈ రెండు కప్పీలూ, బెల్టూనే. తేడా ఒక్కటి. మినీ బైకులో బెల్టు తానే క్లచ్చి పని కూడా చేస్తుంది. స్కూటరులో ఆ పనికి వెనక కప్పీ పక్కన మనం మొదట చూసిన చెప్పుల క్లచ్చి వేరుగా ఉంటుంది. అంటే పోటీదారులు ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారన్నమాట!

పెద్దలకూ, పిల్లలకూ ఒక మాట

ఈ కప్పీలు చూడటానికి ఆటవస్తువుల్లా ఉంటాయి. కాని నిమిషానికి 3,600 తిరుగుళ్ళంటే సెకనుకు 60. మీరు కన్ను మూసి తెరిచే లోపల కప్పీ పదిసార్లకు పైగా తిరిగి ఉంటుంది. బెల్టుకూ కప్పీకీ నడుమ వేలు పడితే వెనక్కి లాక్కునే వ్యవధే ఉండదు. అందుకే దాని మీది మూత అలంకారానికి కాదు. మూత లేకుండా ఇంజనును ఒక్క నిమిషం కూడా నడపరాదు. వదులు చొక్కా, చున్నీ, విరబోసిన జుట్టు – ఇవి కూడా వేళ్ళ వంటివే. గవర్నరును తీసేస్తే బండి జోరుగా పోతుందని ఎవరైనా చెబితే వినకండి. అతిగా తిరిగిన ఇంజను ముక్కలై ఎగిరిపడవచ్చు.

మినీ బైకు ప్రైవేటు స్థలంలో, పెద్దల ఎదుట, తలకు హెల్మెటుతో నడిపేది; రోడ్డు మీదికి తెచ్చేది కాదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 50 సీసీ మించని మోటారు బండికైనా 16 ఏళ్ళు నిండాలి, మిగతావాటికి 18. పిల్లలు బండి తీసుకుపోయి నేరం చేస్తే తల్లిదండ్రులకే శిక్ష పడేటట్టు 2019లో ఆ చట్టాన్ని సవరించారు. "మా వాడు స్కూటరు భలే నడుపుతాడండీ!" అని మురిసిపోయే నాన్నగార్లు ఈ సంగతి గమనించాలి. గేర్లు లేని బండి నడపటం తేలిక. అసలు ప్రమాదం ఆ తేలికలోనే ఉంది.

అంతవరకూ తెలుసుకోవటానికి అడ్డేమీ లేదు. ఈసారి మెకానిక్కు స్కూటరు మూత విప్పినప్పుడు, ఇంజను ఆగి ఉండగా, దూరంగా నిలబడి చూపించమని అడగండి. ముందు కప్పీ ఏది, వెనక కప్పీ ఏది, బరువులు ఎక్కడున్నాయి, మీరే చెప్పగలరు.

ఈ నెల చిక్కు ప్రశ్న: స్కూటరు బెల్టు వాడగా వాడగా పక్కలు అరిగి సన్నబడింది. బండి అందుకోగల గరిష్ఠ వేగం పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు? సాసర్లూ, ఒక లావు తాడూ, ఒక సన్న తాడూ తెచ్చుకుని ఆలోచించండి. జవాబు వచ్చే నెల.